చిన్న స్కేలు నమూనా రైలింజన్‌కు కొత్త రూపం, కొత్త రంగు: సమగ్ర మార్గదర్శి

నమూనా రైలింజన్ పరిమాణం తగ్గేకొద్దీ దాని మీద చేసే ప్రతి పనిలోనూ మందం అనే సమస్య ఎదురవుతుంది. 1:160 నిష్పత్తిలో తయారయ్యే ఎన్ స్కేలు ఇంజన్ మీద 0.025 మిల్లీమీటర్ల రంగు పొర పడితే, అసలు ఇంజన్ లెక్కలో అది 4 మిల్లీమీటర్ల పూతతో సమానం. సిబ్బంది ఇంజన్ ఎక్కేటప్పుడు పట్టుకునే ఇనుప కడ్డీ మందం సుమారు 19 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే కడ్డీ 1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ స్కేలులో 0.22 మిల్లీమీటర్లకు, ఎన్ స్కేలులో 0.12 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. అంత సన్నని తీగ వంచడానికీ, నిలబెట్టడానికీ కష్టం కాబట్టి చాలామంది 0.2 మిల్లీమీటర్ల తీగ వాడతారు. దాని మీద నాలుగు పొరల రంగు కూడా చేరితే అది కడ్డీలా కాక నీళ్ల గొట్టంలా కనబడుతుంది. అందుకే కోసినా, అతికినా, లప్పం పెట్టినా, రంగు వేసినా, ఈ పని వల్ల ఎంత మందం పెరుగుతోందో చూసుకుంటూ ముందుకు సాగాలి. కింద చెప్పిన పద్ధతులన్నీ ఆ ఒక్క జాగ్రత్త నుంచి పుట్టినవే.

పద్ధతులు స్పష్టంగా అర్థం కావడానికి ఒకే ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలో ఈఎండీ సంస్థ 1954లో తయారీ మొదలుపెట్టిన జీపీ9 డీజిల్ ఇంజన్‌కు క్యాబ్ (డ్రైవరు గది) ఒకవైపు పొడవు హుడ్ (యంత్రభాగాలను కప్పే పెట్టె లాంటి భాగం), మరోవైపు క్యాబ్ ఎత్తుకు సమానంగా లేచిన పొట్టి హుడ్ ఉండేవి. తర్వాతి కాలంలో అనేక రైల్వేలు డ్రైవరుకు ముందున్న దారి బాగా కనబడాలని ఆ పొట్టి హుడ్‌ను కిందికి కోయించాయి. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే కెంటకీ రాష్ట్రంలోని తన పడూకా కార్ఖానాలో ఇలాంటి పాత ఇంజన్లను పెద్ద సంఖ్యలో తిరిగి నిర్మించింది. సదరన్, నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలు మాత్రం తర్వాత వచ్చిన ఎస్‌డీ40-2 ఇంజన్లను కూడా ఎత్తైన హుడ్‌తోనే కొన్నాయి. ఎత్తైన పొట్టి హుడ్ గల నమూనాను ఇలా ఎత్తు తగ్గించిన హుడ్ నమూనాగా మార్చడం మొదటి ప్రయత్నానికి చాలా మంచి పని. ఇందులో కోత, అతుకు, లోహపు చట్రం సవరణ, దీపం మార్పు, రంగు అన్నీ ఉంటాయి. అయినా ఇంజన్‌లో ఎక్కువ భాగం తయారీదారు ఇచ్చినట్లే ఉండిపోతుంది.

మొదటి దశ: ఒక నంబరు, ఒక సంవత్సరం

ఫలానా రైల్వేకు చెందిన జీపీ9 చేస్తాననుకుంటే సరిపోదు. ఏ నంబరు ఇంజన్, ఏ సంవత్సరంలో ఉన్నట్లు చేస్తున్నామో ముందే తేల్చుకోవాలి. ఒకే తరగతి ఇంజన్లలో కూడా ఇంధన ట్యాంకు పరిమాణం, హారన్ స్థానం, పొగగొట్టాల సంఖ్య, పైకప్పు మీది ఫ్యాన్ల రకం వేర్వేరుగా ఉంటాయి, పైగా ప్రతిసారీ మరమ్మతుకు వెళ్లినప్పుడు ఇవి మారిపోతుంటాయి. రెండు పక్కల నుంచి, ముందు నుంచి, వంతెన మీద నుంచి తీసిన ఫొటోలు దొరికేవరకు కోత మొదలుపెట్టకపోవడం మంచిది. మనం నమూనా ఇంజన్‌ను ఎప్పుడూ పై నుంచే చూస్తాం, కానీ పైకప్పు ఫొటోలే అన్నిటికన్నా అరుదుగా దొరుకుతాయి.

తర్వాత కొలతలు సరిచూడాలి. కప్లర్ (పెట్టెలను తగిలించే కొక్కెం) నుంచి కప్లర్ వరకు జీపీ9 పొడవు 56 అడుగుల 2 అంగుళాలు, అంటే దాదాపు 17.12 మీటర్లు. ఎన్ స్కేలులో అది 107 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 197 మిల్లీమీటర్లు కావాలి. మన చేతిలోని నమూనాను వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే తయారీదారు ఎక్కడ రాజీపడ్డాడో తెలుస్తుంది. పాత ఎన్ స్కేలు నమూనాల్లో మోటారు పట్టడం కోసం హుడ్‌ను కొద్దిగా వెడల్పు చేసిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి నమూనాకు సరైన కొలతల కొత్త క్యాబ్ అతికితే రెండూ కలవవు. ఇలాంటి చోట అసలు కొలతకన్నా పక్కనున్న భాగంతో పొందికే ముఖ్యమని నా అభిప్రాయం.

రెండో దశ: నడిపి చూసి, విప్పడం

రంగు వేశాక బయటపడే మోటారు లోపం అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. కాబట్టి విప్పకముందే ఇంజన్‌ను రెండు దిక్కులా, నెమ్మదిగానూ వేగంగానూ, కాసేపు నడపాలి. గేరు శబ్దం, వణుకు, మలుపుల్లో ఆగిపోవడం వంటివి ఏమున్నా ముందే సరిచేసుకోవాలి.

విప్పేటప్పుడు ప్రతి దశలో ఫొటో తీసుకుని, మరలను, స్ప్రింగులను విడివిడిగా మూతలున్న డబ్బాల్లో పెట్టుకోవాలి. చాలా ఎన్ స్కేలు డీజిల్ నమూనాల్లో చట్రం నిలువుగా రెండు లోహపు ముక్కలుగా ఉంటుంది. ఎడమ ముక్క ఒక పట్టా నుంచి, కుడి ముక్క మరో పట్టా నుంచి విద్యుత్తును మోస్తాయి. ఆ రెండిటినీ వేరుగా ఉంచే ప్లాస్టిక్ బిళ్లలు, మరల చుట్టూ ఉండే చిన్న తొడుగులు పోతే తిరిగి బిగించగానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

మూడో దశ: పాత రంగు తీయాలా, వద్దా

ప్రతిసారీ తీయనక్కర లేదు. కార్ఖానాలో వేసిన పూత చాలా పల్చగా, గట్టిగా ఉంటుంది. అది లేత రంగైతే, దాని మీది అక్షరాల గట్లను తడిపిన 1000 నంబరు ఉప్పుకాగితంతో నున్నగా చేసి నేరుగా కొత్త రంగు వేయవచ్చు. ముదురు రంగు మీద పసుపు, నారింజ, ఎరుపు వేయాల్సి వస్తే మాత్రం పాత రంగు తీసేయడమే మేలు. లేకపోతే కింది రంగును కప్పడానికే నాలుగైదు పొరలు అవసరమవుతాయి.

తీయడానికి 91 శాతం లేదా అంతకన్నా గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలా నమూనాలపై పనిచేస్తుంది. ముందుగా షెల్ (ఇంజన్ పైనుండే ప్లాస్టిక్ తొడుగు) లోపలి వైపు ఒక చుక్క వేసి, ప్లాస్టిక్ మెత్తబడుతుందేమో, పగుళ్లు వస్తాయేమో గమనించాలి. ఏమీ కాకపోతే మూతగల గిన్నెలో నానబెట్టి, పది పదిహేను నిమిషాలకోసారి తీసి మెత్తని పళ్ల బ్రష్షుతో రుద్దాలి. రంగు కదలడం మొదలయ్యాక ద్రవంలోనే వదిలేయకూడదు, ఎందుకంటే కొన్ని ప్లాస్టిక్‌లు ఎక్కువసేపు నానితే పెళుసెక్కుతాయి. ఆల్కహాల్ తేలికగా అంటుకుంటుంది కాబట్టి మంటకు దూరంగా, గాలి ఆడే చోట, చేతులకు తొడుగులు వేసుకుని చేయాలి. కొందరు బ్రేకు ద్రవం వాడతారు. అది చర్మానికి మంచిది కాదు, అన్ని ప్లాస్టిక్‌లకూ సరిపడదు. నేను దాన్ని సిఫారసు చేయను. చివరగా గిన్నెలు తోమే సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడగాలి. వేడినీటికి సన్నని షెల్ వంగిపోతుంది.

నాలుగో దశ: కోత, అతుకు

కొత్త హుడ్ ఎంత ఎత్తుకు రావాలో షెల్ చుట్టూ సన్నని మాస్కింగ్ టేపు అంటించి గుర్తుపెట్టాలి. రంపం గీత మీద కాకుండా, పారేయబోయే భాగం వైపు అర మిల్లీమీటరు జరిగి నడవాలి. మిగిలిన ఆ అర మిల్లీమీటరును ఆకురాయితో, తర్వాత అద్దం పలక మీద పరిచిన 400 నంబరు ఉప్పుకాగితం మీద రుద్ది గీత వరకు తేవాలి. రంపం పళ్ల మందం 0.2 మిల్లీమీటర్లున్నా ఎన్ స్కేలులో అది 32 మిల్లీమీటర్ల లోటు అవుతుంది, తర్వాత లప్పంతో దాన్ని పూడ్చాల్సి వస్తుంది. కోసి తీసిన ముక్కను పారేయకూడదు. దాని మీది చిన్న తలుపు, గడియ చెక్కి వేరే చోట వాడుకోవచ్చు.

హుడ్ తగ్గగానే క్యాబ్ ముందు భాగంలో పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. అక్కడ 0.25 మిల్లీమీటర్ల స్టైరీన్ ప్లాస్టిక్ రేకుతో కొత్త గోడ కట్టాలి. కిటికీలను నేరుగా కత్తితో కోస్తే మూలలు చిరుగుతాయి. ముందు నాలుగు మూలల్లో చిన్న రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోసి, సన్నని ఆకురాయితో అంచులు దిద్దాలి. కిటికీలు కోయడం పూర్తయ్యాకే గోడను బయటి కొలతకు కత్తిరించాలి, అప్పుడే పట్టుకోవడానికి చోటుంటుంది. హుడ్ పైకప్పుకు 0.5 మిల్లీమీటర్ల రేకు వాడితే అంచులను గుండ్రంగా రుద్దడానికి తగినంత ప్లాస్టిక్ మిగులుతుంది.

అతకడానికి ట్యూబులోని చిక్కటి జిగురు వద్దు. నీళ్లలా పారే ద్రావణి జిగురును బ్రష్షు కొనతో సందు దగ్గర తాకిస్తే అది తనంతట తానే లోపలికి పాకి రెండు ముక్కలనూ కరిగించి ఒకటి చేస్తుంది, పైకి మందం చేరదు. ఇది స్టైరీన్‌కు బాగా పనిచేస్తుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ షెల్ అయితే దానికి పట్టే ద్రావణిని ఎంచుకోవాలి. అతికిన చోటును ఆ రోజే రుద్దకూడదు. కరిగిన ప్లాస్టిక్‌లోంచి ద్రావణి ఆవిరయ్యేకొద్దీ అతుకు కుంచించుకుపోతుంది కాబట్టి, ముందే నున్నగా చేస్తే రెండు రోజుల తర్వాత సరిగ్గా అక్కడే సన్నని పల్లం కనబడుతుంది. ఒక రాత్రి ఆగి, అవసరమైన చోట మాత్రమే పల్చగా లప్పం పెట్టి, 600 నంబరు, ఆ తర్వాత 1000 నంబరు కాగితంతో తడిగా రుద్దాలి.

ఇప్పుడు చట్రం సంగతి. తగ్గిన హుడ్ కింద లోహపు బరువు పైకి పొడుచుకొస్తుంది, దాన్ని కూడా అరగదీయాలి. ఆకురాయి తగిలించేముందు మోటారును, చక్రాలను పూర్తిగా తీసి దూరంగా పెట్టాలి. మోటారు అయస్కాంతం ఆకురాయి నుంచి రాలే ఉక్కు రజనును పట్టి లాగుతుంది, అతుక్కోని రజను కూడా గేర్లలో చేరి నష్టం చేస్తుంది. అవసరమైనంత మేరకే తీయాలి. చిన్న ఇంజన్ లాగే శక్తి అంతా దాని బరువులోనే ఉంటుంది కాబట్టి, పోయిన బరువును ఖాళీ చోట్లలో టంగ్‌స్టన్ ముద్దతో భర్తీ చేస్తే మంచిది. ఆ ముద్ద రెండు చట్రపు ముక్కలనూ తాకకుండా మధ్యలో విద్యుత్తును ఆపే కాప్టాన్ టేపు వేయాలి.

ఎత్తైన హుడ్ మీదున్న దీపానికి కాంతిని మోసే పారదర్శక ప్లాస్టిక్ కడ్డీ ఇక పనికిరాదు. దాని స్థానంలో 0402 రకం ఎల్‌ఈడీ వాడవచ్చు. దాని పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. దానికి 1000 ఓమ్‌ల రెసిస్టర్‌ను వరుసలో టంకం పెట్టడం మరవకూడదు. కాంతి సన్నని ప్లాస్టిక్ గుండా కారకుండా, షెల్ లోపలి వైపు ఆ చుట్టుపక్కల ముందు నలుపు, దాని మీద వెండి రంగు పూయాలి.

ఐదో దశ: చిన్న భాగాలు

కడ్డీలకు రంధ్రాలు వేసేచోట ముందుగా సూదిమొనతో చిన్న గుంట చేయాలి, లేకపోతే 0.3 మిల్లీమీటర్ల డ్రిల్లు జారి గీత పెడుతుంది. డ్రిల్లును చేతి పట్టులో బిగించి, నొక్కకుండా, వేళ్లతో తిప్పుతూ పోవాలి. కడ్డీలన్నీ ఒకే వెడల్పుతో రావాలంటే, కావలసిన వెడల్పు గల స్టైరీన్ పట్టీ మీద తీగను వంచాలి. లోపలి వైపు నుంచి సూపర్ గ్లూ చుక్క పెడితే బయట జిగురు మరక ఉండదు. కడ్డీ వెనక ఖాళీ సమంగా ఉండటానికి, జిగురు ఆరేవరకు కాగితపు ముక్కను అడ్డంగా పెట్టి ఉంచాలి.

తయారీదారు ఇచ్చే రెయిలింగులు తరచూ జారుడుగా ఉండే ఎసిటాల్ ప్లాస్టిక్‌తో ఉంటాయి. వాటికి జిగురూ పట్టదు, రంగూ సరిగా నిలవదు. వాటిని సబ్బుతో కడిగి, ప్లాస్టిక్‌కు పట్టు పెంచే ప్రైమర్ పల్చగా వేసి, ఆ తర్వాతే రంగు వేయాలి.

మంచుపార, కప్లర్లు, గొట్టాలు పెట్టాక ఇంజన్‌ను తాత్కాలికంగా బిగించి, మన పట్టాల్లోకెల్లా బిగువైన మలుపు మీద, ఒక పాయింటు (పట్టాలు రెండు దారులుగా చీలే చోటు) మీద తోసి చూడాలి. చక్రాల చట్రం పక్కకు తిరిగినప్పుడు మెట్లకు తగులుతుంటే ఇప్పుడే సరిచేయాలి. కప్లర్ ఎత్తును గేజితో సరిచూడడం కూడా ఇప్పుడే.

ఆరో దశ: రంగు

ముందు షెల్‌ను మళ్లీ కడిగి, ఆరనిచ్చి, ఇకపై వేళ్లు తగలకుండా లోపలి వైపు ఒక చెక్కపుల్లను బిగించి దానితోనే పట్టుకోవాలి. లేత బూడిద రంగు ప్రైమర్‌ను మంచు కురిసినంత పల్చగా వేయాలి. ప్రైమర్ అసలు ప్రయోజనం లోపాలను చూపించడం. అతుకు దగ్గర గీతలు, కనబడని పల్లాలు దీని మీద తేలతాయి. వాటిని సరిదిద్ది, ఆ మేరకే మళ్లీ ప్రైమర్ వేయాలి తప్ప మొత్తం షెల్‌కు కాదు.

రంగు ఎంపికలో ఒక విషయం చాలామంది పట్టించుకోరు. అసలు ఇంజన్‌ను దూరం నుంచి చూసినప్పుడు మధ్యనున్న గాలి, ఎండ వల్ల రంగు కొంత వెలిసినట్లు కనబడుతుంది. అసలు రంగునే తెచ్చి చిన్న నమూనాకు పూస్తే అది అవసరానికి మించి ముదురుగా ఉంటుంది. అందుకని కొద్దిగా తెలుపు లేదా లేత బూడిద కలపాలి. నలుపు విషయంలో ఇది మరీ అవసరం. నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ నల్ల ఇంజన్‌కు స్వచ్ఛమైన నలుపు వేస్తే తలుపులు, జాలీలు, గడియలు అన్నీ మాయమవుతాయి. ముదురు బూడిదకు దగ్గరగా ఉండే నలుపు వేస్తే అవన్నీ కనిపిస్తాయి. కలిపిన రంగును ముందు ప్లాస్టిక్ చెంచా మీద వేసి, పట్టాలు ఉన్న గది వెలుతురులోనే చూసి నిర్ణయించుకోవాలి.

ఎన్ స్కేలుకు గాలితో రంగును చిమ్మే ఎయిర్‌బ్రష్ తప్పనిసరి అనే చెబుతాను. 0.2 లేదా 0.3 మిల్లీమీటర్ల నాజిల్, గాలినీ రంగునూ వేరువేరుగా నియంత్రించే డబుల్ యాక్షన్ రకం, చదరపు అంగుళానికి 15 నుంచి 20 పౌండ్ల ఒత్తిడి సరిపోతాయి. రంగు పాల చిక్కదనానికి వచ్చేవరకు దానికి తగిన థిన్నర్‌తోనే పల్చన చేయాలి. ఆక్రిలిక్, ఎనామెల్, లాకర్ రంగుల థిన్నర్లు ఒకదానికొకటి పనికిరావు. ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దూరం నుంచి, షెల్ అంచుకు ముందే చిమ్మడం మొదలుపెట్టి అంచు దాటాకే ఆపాలి. రంగు తాకిన క్షణంలో ఉపరితలం తడిగా మెరిసి వెంటనే ఆ మెరుపు తగ్గితే దూరం సరిగ్గా ఉన్నట్లు. పొడిపొడిగా గరుకుగా పడితే దూరం ఎక్కువైంది; మూలల్లో చుక్క కడితే మరీ దగ్గరైంది. మొదటి పొర కింది రంగును కప్పకూడదు. రెండు మూడు పొరలకు కప్పితే చాలు. ముందుగా మెట్ల వెనుక, రెయిలింగుల కింద, హుడ్ మూలల్లో చిమ్మి, ఆ తర్వాత వెడల్పాటి భాగాలకు రావాలి. తిరగేసి చేస్తే మూలల కోసం మళ్లీ మళ్లీ చిమ్మి చదునైన చోట మందం పెంచేస్తాం. ఆవిరిని పీల్చకుండా తగిన ముసుగు, గాలి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి.

రెండు రంగులుంటే సాధారణంగా లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత వేస్తారు. అయితే ముదురు రంగు భాగాన్ని కప్పడం సులువైతే వరుస మార్చుకోవచ్చు. మాస్కింగ్ టేపు చుట్ట అంచు దుమ్ముతో పాడై ఉంటుంది. టేపును అద్దం మీద అంటించి కొత్త బ్లేడుతో తాజా అంచు కోసుకోవాలి. అంటించాక తలుపు కీళ్లు, గట్ల మీద పళ్లపుల్లతో మెల్లగా నొక్కాలి. తర్వాత టేపు అంచు మీదుగా కింద ఉన్న రంగునే ఒక పల్చని పొర చిమ్మాలి. టేపు కిందికి ఏమైనా పాకితే అదే రంగు పాకి సందు మూసుకుంటుంది. ఆ తర్వాత వేసే రెండో రంగు కిందికి దిగదు. రంగు ముట్టుకోగలిగేంత ఆరగానే, గట్టిపడకముందే, టేపును దాని మీదికే మడిచి నెమ్మదిగా లాగాలి. అంచు దగ్గర చిన్న గట్టు మిగిలితే గోరుతో కాక, తడిపిన 2000 నంబరు కాగితపు ముక్కతో ఒకసారి రుద్దాలి. హుడ్ ముక్కు మీద వంపు తిరిగే సన్నని చారలకు టేపుతో కుస్తీ పట్టకుండా డెకల్స్ (నీటిలో నానబెట్టి అంటించే పల్చని ముద్రిత బొమ్మలు) వాడడమే మంచిది.

ఏడో దశ: అక్షరాలు, చిహ్నాలు

గరుకు రంగు మీద డెకల్ అంటిస్తే దాని కింద గాలి చిక్కుకుని తెల్లగా మెరుస్తుంది. అందుకని ముందు పల్చని మెరుపు వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వాలి. డెకల్ పారదర్శక అంచును అక్షరం దగ్గరి దాకా కత్తిరించాలి. నీటిలో ముంచి తీసి, కాగితం నుంచి దానంతట అది జారేవరకు ఆగి, అంటుకునేలా చేసే ద్రావణం పూసిన చోటికి జరపాలి. స్థానం కుదిరాక, మెత్తబరిచే ద్రావణాన్ని బ్రష్షుతో తాకించాలి. డెకల్ ముడతలు పడి భయం పుట్టిస్తుంది. అప్పుడు ముట్టుకుంటే చిరుగుతుంది, వదిలేస్తే ఆరేకొద్దీ రివెట్ల చుట్టూ, తలుపు గీతల్లోకి దిగి రంగుతో కలిసిపోతుంది. గాలి బుడగ మిగిలితే సూదితో పొడిచి మళ్లీ ఒక చుక్క ద్రావణం పెట్టాలి. తలుపు సందు మీదుగా పోయే అక్షరాన్ని కొత్త బ్లేడుతో ఆ సందు వెంబడి కోయాలి. మరుసటి రోజు తడి దూదితో ద్రావణం మరకలు తుడిచి, చివరగా సగం మెరుపు గల వార్నిష్ వేస్తే డెకల్ అంచులు కనబడవు.

ఎనిమిదో దశ: ఎండా వానా చూసిన రూపు

ఇక్కడ తక్కువ చేయడమే మేలు. జాలీల్లోకి బాగా పల్చటి ముదురు బూడిద రంగును పారించి, పైభాగాన్ని తుడిస్తే లోతు వస్తుంది. పొగగొట్టాల చుట్టూ మసి, చక్రాల చట్రాల మీద పట్టాల దుమ్ము రంగు, ఇంధన ట్యాంకు మూత కింద కారిన నూనె చార చాలు. తుప్పు మాత్రం ఫొటోలో ఉన్న చోటే పెట్టాలి. నడుస్తున్న డీజిల్ ఇంజన్‌కు అది మనం అనుకునేంత ఉండదు. చక్రాలు పట్టాను తాకే అంచుల మీద రంగు పడితే విద్యుత్తు అందదు కాబట్టి, చట్రాల పక్క పలకలను విడిగా తీసి రంగు వేయాలి.

తొమ్మిదో దశ: తిరిగి బిగించడం

కిటికీ అద్దాలకు సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి అవి తెల్లగా మసకబారతాయి. ఆరాక పారదర్శకంగా మారే తెల్ల జిగురు వాడాలి. గేర్లకు ప్లాస్టిక్‌ను తినని నూనె సూదిమొనతో ఒక్కో చుక్క మాత్రమే పెట్టాలి. ఎక్కువైతే అది చక్రాల మీదికి పాకుతుంది. డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ సంకేతాలతో ఇంజన్లను నడిపే పద్ధతి) సంకేతాలను అందుకునే డీకోడర్ పెట్టినట్లయితే, షెల్ వేయకముందే ప్రోగ్రామింగ్ పట్టా మీద దాని చిరునామా చదవగలుగుతోందో చూడాలి. అక్కడ విద్యుత్తు పరిమితంగా ఉంటుంది గనుక, ఎక్కడైనా షార్ట్ ఉన్నా డీకోడర్ కాలిపోయే ప్రమాదం తక్కువ.

షెల్‌ను బలవంతంగా నొక్కవద్దు. ముందు సులువుగా ఎక్కిన షెల్ ఇప్పుడు ఎక్కకపోతే, లోపలి అంచుల్లో చేరిన రంగే కారణం. ఆ అంచులను మాత్రం 600 నంబరు కాగితంతో గీకాలి. రెయిలింగులు చివరగా పెట్టాలి. తర్వాత రెండు దిక్కులా అరగంట చొప్పున నడిపి, ఐదో దశలో చూసిన ఆ బిగువైన మలుపు మీదా, పాయింటు మీదా మళ్లీ పరీక్షించి, కప్లర్ ఎత్తును మరోసారి గేజితో చూడాలి. చట్రం అరగదీసిన ఇంజన్లలో బరువు ఒకవైపు తగ్గి ముందు భాగం కొద్దిగా పైకి లేస్తుంది. అలా ఉంటే షెల్ తీసి, ఆ వైపున టంగ్‌స్టన్ ముద్దను పెంచి, కప్లర్ గేజికి సమంగా వచ్చేవరకు సరిచేయాలి.